మామగారి ముక్కు ఎత్తు

ఆ రోజుకి కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మామగారితో కలిసి పాలపొడి ఫ్యాక్టరీకి వెళ్ళాలి. అక్కడి నైట్రోజన్ గదిలో ఆక్సిజన్ మీటరు బిగించాలి. అది సరిగ్గా పనిచేస్తోందని చూపించి, సంతకం పెట్టించుకుని, భోజనాల వేళకి ఇంటికి వచ్చేయాలి. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసుకుని హాయిగా నిద్రపోవాలి. ఈ చివరి సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమె పనిచేసేది మీటర్లు బిగించే కంపెనీలో. చేరిన నాటి నుంచి పెద్ద ఇంజినీరు వెనకాలే తిరిగింది. ఆయన నిచ్చెనెక్కితే కింద నిచ్చెన పట్టుకునేది, ఆయన చెయ్యి చాపితే స్క్రూడ్రైవరు అందించేది. ఒంటరిగా పంపడం ఇదే మొదటిసారి. "సంతకంతో వస్తే ఇకమీద నీ పనులు నీవే. లేకుండా వచ్చావంటే మళ్ళీ నిచ్చెన పట్టుకోవడమేనమ్మా," అన్నాడాయన నవ్వుతూ. ఆయన నవ్వుతూ అన్నవన్నీ చేసే మనిషి కావడం వల్ల ఆమెకి నవ్వు రాలేదు.

చిక్కేమిటంటే, ఆ సంతకం పెట్టాల్సింది మామగారు. ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఆయనే. పని కోడలి కంపెనీకి దొరకడంలో ఆయన ప్రమేయం ఏమీ లేదు. అయినా నలుగురూ ఏమనుకుంటారోనని ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. అందుకని ఇంట్లో ఒక నియమం పెట్టారు. ఫ్యాక్టరీ గేటు దాటాక బంధుత్వం లేదు. అక్కడ ఆమె "మామయ్యగారూ" అనకూడదు, ఆయన "అమ్మాయ్" అనకూడదు.

ఆ ఉదయం ఆమె బయలుదేరి హాల్లోకి వచ్చేసరికి మామగారు పేపరు చదువుతున్నారు. చదువుతున్నారని తెలిసినవాళ్ళు అనుకోవాలి గానీ, కొత్తవాళ్ళు చూస్తే పేపరుతో ముఖం తుడుచుకుంటున్నారనుకుంటారు. ముక్కు కొసకి అప్పటికే కాస్త నల్ల సిరా అంటుకుంది.

"వార్తలు చదువుతున్నారా, వాసన చూస్తున్నారా?" అంది అత్తగారు టీ పెడుతూ.

"అక్షరాలు చిన్నవి చేసేశారే. కాగితం కలిసొస్తుందని. సంపాదకుడికి ఉత్తరం రాసి పడేశాను."

"ఉత్తరం తర్వాత రాద్దురు గానీ, ముందు కళ్ళు చూపించుకోండి."

"నా కళ్ళకేం? మా నాన్న చివరిదాకా సూదిలో దారం ఎక్కించాడు."

"ఆయన సంగతి కాదు నేనడిగేది."

మామగారు పేపరు మడిచారు. ఆ ఇంట్లో కళ్ళ ప్రస్తావన ఇక్కడే ఆగిపోవడం అలవాటు. ఆగకపోతే ఆయన మాట్లాడటం మానేస్తారు, ఆ మౌనం అన్నం దగ్గర కూడా కొనసాగుతుంది. అందుకని కోడలు అందులో తల దూర్చదు. ఆయన గుమ్మం దగ్గర ఒక కాలికి తన నల్ల బూటు, రెండో కాలికి కొడుకు గోధుమరంగు బూటు తొడుక్కోబోతుంటే మాత్రం, ఏదో వెతుకుతున్నట్టు వంగి, రెండో నల్ల బూటు ఆయన కాలి ముందుకి జరిపింది. ఆయన దాన్నే తొడుక్కున్నారు. ఇద్దరూ ఏమీ జరగనట్టు బయలుదేరారు.

ఫ్యాక్టరీలో పాలపొడిని డబ్బాల్లో నింపి, పొడి పాడవకుండా మూత వేసేముందు లోపలికి నైట్రోజన్ పంపుతారు. ఆ సిలిండర్లన్నీ, ఆవరణలోకి తలుపు, ప్యాకింగు లైను వైపు కిటికీ ఉన్న ఒక చిన్న గదిలో గొలుసులు కట్టుకుని వరసగా నిలబడి ఉంటాయి. నైట్రోజన్ విషమేమీ కాదు, మనం పీల్చే గాలిలో ఎక్కువ పాలు అదే. కానీ అది లీకై గదంతా నిండితే ఆక్సిజన్‌కి చోటుండదు. వాసన రాదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. మాట్లాడుతున్నవాడు మాట మధ్యలో కూలిపోతాడు. అందుకే ఆ గదికి మీటరు కావాలి. మంచి గాలిలో అది ఇరవై పాయింట్ తొమ్మిది చూపిస్తుంది. పందొమ్మిదిన్నర కిందికి పడిందంటే ఒక్కసారే నాలుగు పనులు చేస్తుంది. హూటరు మోగిస్తుంది, గోడకున్న పెద్ద ఫ్యాను తిప్పుతుంది, నైట్రోజన్ వాల్వు మూసేస్తుంది, డబ్బాలు నడిచే బెల్టు ఆపేస్తుంది. అప్పుడు అందరూ చేతిలో పని వదిలేసి బయట ఆవరణలోకి వెళ్ళి నిలబడాలి. ఇదంతా కోడలు ముందురోజే అందరికీ చెప్పి ఉంచింది. అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత జరిగినదానికి ఆ శ్రద్ధ కూడా కొంత కారణం.

మీటరుతో పాటు పెట్టెలో ఇంకో వస్తువు వచ్చింది. గది బయట తలుపు పక్కన తగిలించుకునే పెద్ద అంకెల పలక. లోపలికి వెళ్ళకుండానే గాలి ఎలా ఉందో చూసుకోవచ్చు. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "గోడకి రెండు కళ్ళెందుకు? ఒకటి చాలు," అన్నారు. కోడలు దాన్ని బల్ల కిందకి నెట్టింది.

ఇక మీటరు ఎక్కడ బిగించాలన్నది ప్రశ్న. మనిషి ఊపిరి తీసుకునే ఎత్తులో బిగించాలని కంపెనీ పుస్తకంలో ఉంది. ఊపిరి తీసుకునే ఎత్తంటే ఎంత అన్నారు మామగారు. ముక్కు ఎత్తు అంది కోడలు. ఎవరి ముక్కు అన్నారు మామగారు. ఇది పుస్తకంలో లేదు.

గదిలో అప్పటికి పైపుల ఫిట్టరు ఉన్నాడు, తలుపు దగ్గర ప్యాకింగు లైను పెద్దక్క ఉంది. ఫిట్టరు ఎంత పొడుగంటే, తలుపు గడప దాటేటప్పుడల్లా వంగి దండం పెట్టినట్టు లోపలికి వస్తాడు. పెద్దక్క నెత్తి అతని మోచేతికి తగులుతుంది. ఇద్దరి ముక్కులకీ మధ్య ఒక కిటికీ పడుతుంది.

"ఈ గదికి బాధ్యత ఎవరిది?" అన్నారు మామగారు.

"మీదే సార్," అంది కోడలు.

"అయితే ముక్కు కూడా నాదే."

అని, ఎత్తు కొలిపించుకునే బడిపిల్లాడిలా వెళ్ళి గోడకి ఆనుకుని నిటారుగా నిలబడ్డారు. కోడలు పెన్సిలు తీసి, ఆయన ముక్కు కొసకి సరిగ్గా పక్కన గోడ మీద గీత గీసింది. గీస్తూనే ఆమెకి పెద్ద ఇంజినీరు గుర్తొచ్చాడు. ఆయన ఎప్పుడూ మీటరు మనుషులు నిలబడే చోటుకి కాస్త ఎడంగా, కాస్త పైగా బిగిస్తాడు. ఎందుకని ఆమె ఎన్నడూ అడగలేదు.

"సార్, ఇంకొంచెం పైకి, ఆ మూలకి జరుపుదామా?" అంది మెల్లిగా.

"పుస్తకంలో ముక్కు ఎత్తని రాసి ఉంటే, నెత్తి ఎత్తున ఎందుకు పెడతాం?" అన్నారు మామగారు.

సూపర్‌వైజరు మాటకి ఎదురు చెప్పవచ్చు. మామగారి మాటకి ఎదురు చెప్పడం కష్టం. ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడు డ్రిల్లు తీయడమే మార్గం. కోడలు గీత దగ్గర చిల్లులు వేసి, మీటరు బిగించి, తీగలు కలిపింది. అరచేతిలో పట్టేంత పెట్టె అది. పైభాగంలో చిన్న అంకెలు, కింది భాగంలో జల్లెడలాంటి మూత, మూత వెనక గాలిని వాసన పట్టే సెన్సరు. మామగారు ఎదురుగా నిలబడి అంకెలు చూస్తే, ఆయన ముక్కు సరిగ్గా జల్లెడకి ఎదురుగా వస్తుంది. చిల్లులు వేసిన కోడలికి గానీ, వేయించిన మామగారికి గానీ ఇది పట్టలేదు.

పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. చిన్న డబ్బాలోంచి కాస్త నైట్రోజన్ జల్లెడ మీదకి వదలగానే అంకె పడిపోయింది, హూటరు మోగింది, ఫ్యాను తిరిగింది, ఇంకా ఖాళీగా నడుస్తున్న బెల్టు ఆగింది. డబ్బా తీసేయగానే అంకె నెమ్మదిగా ఇరవై పాయింట్ తొమ్మిదికి ఎక్కింది. పెద్దక్క చప్పట్లు కొట్టింది. కోడలు సంతకం కాగితం, పెన్ను తీసి మామగారికి అందించింది. ఆమె మనసు అప్పటికే ఇంటికి చేరి తలుపు దగ్గరగా వేసుకుంది.

"చూడకుండా సంతకం పెట్టేవాణ్ణి కాదు నేను," అన్నారు మామగారు. అని, అంకె చదవడానికి మీటరు ముందుకి వెళ్ళారు. కాస్త వంగారు. అది చాలలేదు. ఇంకాస్త వంగారు. పొద్దున పేపరు దగ్గర ఉన్నట్టే ఉన్నారు, పేపరు బదులు గోడ ఉందంతే.

"ఇరవై..." అన్నారు. తర్వాతి అంకె తొమ్మిదో ఎనిమిదో తేలలేదు. తేలేలోపు అది ఒకటైంది. ఆయన కళ్ళు చిట్లించి మరింత దగ్గరికి వెళ్ళారు. "ఇది కదులుతోందేమిటి..." అన్నారు. ఆ మాటతో బయటికొచ్చిన ఊపిరంతా జల్లెడలోకి పోయింది. హూటరు ఆయన చెవిలో మోగింది.

అందరూ నేర్పినట్టే ఆవరణలోకి పరిగెత్తారు. ఒక్క ఇబ్బంది వచ్చింది. బెల్టు ఆగినా, అప్పుడే పైన గరాటులో నింపిన పొడి ఆగలేదు. నాలుగు దోసిళ్ళ పొడి బెల్టు మీద రాలింది, ఫ్యాను గాలికి అది లేచి పరిగెడుతున్నవాళ్ళందరి మీదా పడింది. ఆవరణలో నిలబడి మనుషుల్ని లెక్కపెడుతున్న పెద్దక్కకి కనుబొమ్మలు తెల్లబడ్డాయి.

మామగారు లీకు ఉందని తేల్చేశారు. ఫిట్టరు బకెట్టు నిండా సబ్బు నురగ చేసుకొచ్చి, ప్రతి పైపు అతుకుకీ పూశాడు. లీకుంటే అక్కడ బుడగ లేవాలి. ఒక్క బుడగ కూడా లేవలేదు. మీటరు ఇరవై పాయింట్ తొమ్మిది చూపిస్తోందని అతను నిలబడ్డచోటు నుంచే చెప్పాడు. "నువ్వు చెప్తే నేను సంతకం పెట్టాలా?" అని మామగారు మళ్ళీ మీటరు ముందుకి వెళ్ళారు. మళ్ళీ హూటరు. మళ్ళీ ఆవరణ. ఈసారి ఫిట్టరు కూడా తెల్లబడ్డాడు, సబ్బు నురగ మీద పొడి పడి అతని చేతులు బంకబంకగా తయారయ్యాయి.

అందరూ బయటున్నప్పుడు కోడలు ఒక్కర్తే లోపలికి వెళ్ళింది. మీటరు ముందు దూరంగా నిలబడింది. ఇరవై పాయింట్ తొమ్మిది. దగ్గరికెళ్ళి, వేడి టీ ఊదినట్టు జల్లెడ మీద ఉఫ్ అని ఊదింది. అంకె జారడం మొదలుపెట్టింది. అది పందొమ్మిదిన్నర చేరేలోపు చీర కొంగుతో గబగబా విసిరింది. అప్పుడు తెలిసింది పెద్ద ఇంజినీరు మీటర్లు ఎడంగా ఎందుకు పెడతాడో. మనిషి వదిలే ఊపిరిలో ఆక్సిజన్ తక్కువ. మీటరుకి ఏ లోపమూ లేదు. అది చాలా నిజాయితీగా మామగారి ఊపిరిని కొలుస్తోంది.

తెలియడం ఒక ఎత్తు, చెప్పడం ఒక ఎత్తు. ఏమని చెప్పాలి? మామయ్యగారూ, మీ ఊపిరి వల్లే మోగుతోందండీ అనాలా? అలా అంటే, అంత దగ్గరికి ఎందుకు వెళ్ళానని ఆయన ఆలోచిస్తారు. ఆయన ఆలోచించకపోయినా పక్కనున్నవాళ్ళు ఆలోచిస్తారు. ఇంట్లోనే ఎవరూ దాటని గీతని, గేటు లోపల అంతమంది ముందు ఎలా దాటడం?

"సార్, కొంచెం దూరం నుంచి చూస్తే..." అంది చివరికి.

"సంతకం పెట్టేవాడు దగ్గర నుంచే చూడాలి."

"పోనీ నేను చదివి చెప్తాను."

"బిగించిన మనిషే చదివి, బాగుందని చెప్తే, బయట ఏమంటారు?" అన్నారాయన గొంతు తగ్గించి. "కోడలు చెప్పింది, మామ సంతకం పెట్టాడంటారు."

కోడలు ఇంకో దారి వెతికింది. పొడి ఎగురుతోంది కదా, మాస్కు పెట్టుకోండి సార్ అని గుడ్డ మాస్కు ఒకటి తెచ్చి ఇచ్చింది. గుడ్డ అడ్డముంటే ఊపిరి అంత సూటిగా తగలదని ఆమె లెక్క. మామగారు సరేనని పెట్టుకున్నారు. సూపర్‌వైజరు మాస్కు పెట్టుకుని గ్యాసు గదిలోకి వెళ్ళడం కిటికీలోంచి ప్యాకింగు లైను మొత్తం చూసింది. ఇన్నాళ్ళూ విషం కాదు, విషం కాదు అని చెప్పి, ఇప్పుడు తను మాత్రం మూతి కట్టుకున్నాడేమిటని ఎవరో అన్నారు. అది బెల్టు ఆ చివరికి చేరేసరికి, విషమేనట అయింది. సగం మంది హూటరు మోగకుండానే ఆవరణలోకి వెళ్ళి నిలబడ్డారు.

లోపల మామగారు మీటరు ముందు వంగి, అంకె మసగ్గా ఉందని, మాస్కు కిందికి లాగి చూశారు. హూటరు మోగింది.

ఈలోపు పెద్దక్క ఒక సంగతి కనిపెట్టింది. ఫిట్టరు వెళ్తే మోగడం లేదు, మీటరమ్మాయి వెళ్తే మోగడం లేదు, సారు వెళ్తేనే మోగుతోంది. అంటే సారు గదిలో గాలంతా తనే పీల్చేస్తున్నారు. మనిషి ఎప్పుడూ ఆయాసపడుతున్నట్టు ఉండటం తను చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నానంది. పక్కావిడ తన బావగారికి కూడా ఇలాగే ఉండేదంది. వాళ్ళ బావగారు ఏమయ్యారని ఎవరో అడిగారు. ఆవిడ మాట్లాడకుండా తల అడ్డంగా ఊపింది. బావగారు వేరే ఊరికి మారిపోయారని చెప్పబోయిందిగానీ, అప్పటికే అందరూ నిట్టూర్చారు. మాట ఫ్యాక్టరీ నర్సమ్మకి చేరింది. ఆవిడ బీపీ చూసే పెట్టె పట్టుకుని గబగబా బయలుదేరింది.

నైట్రోజన్ గదిలో కోడలు తన ఆఖరి ఎత్తు వేస్తోంది. "సార్, ఈ సెన్సరు కొత్తది. చుట్టూ గాలి కదిలితే బెదురుతోంది. ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి చదివేయండి."

ఇది మామగారికి నచ్చింది. పని కోసం ఊపిరి బిగపట్టడంలో ఒక గౌరవం ఉంది. ఆయన గుండెల నిండా గాలి తీసుకుని, బుగ్గలు పూరించి, మీటరు మీదకి వంగారు. హూటరు మోగలేదు. అంకె కదలలేదు. కోడలు కాగితం పట్టుకుని సిద్ధంగా ఉంది. రెండు, సున్నా అయ్యాయి, చుక్క కూడా అయింది. కానీ చివరి అంకె మాత్రం తేలడం లేదు. ఆయన తల పక్కకి వంచి చూశారు, ఒక కన్ను మూసి చూశారు. ముఖం ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి. కోడలు తనకి తెలియకుండానే తనూ ఊపిరి బిగపట్టేసింది.

"తొమ్మిది!" అన్నారు మామగారు, అంతసేపూ దాచుకున్న ఊపిరంతా ఒక్కసారిగా వదిలేస్తూ.

అంతసేపు లోపల నిలవున్న ఊపిరి మామూలు ఊపిరికంటే హీనంగా ఉంటుంది. మీటరు ఆ రోజు మొత్తంలోకీ తక్కువ అంకె చూపించింది. హూటరు మోగింది, ఫ్యాను తిరిగింది, పొడి లేచింది. మామగారు కళ్ళు తిరిగి గోడకి ఆనుకుని మెల్లిగా కింద కూర్చున్నారు. తలుపు తోసుకుని లోపలికొచ్చిన నర్సమ్మకి కనిపించిన దృశ్యం ఇదీ. మోగుతున్న హూటరు, తెల్లగా పాలిపోయి నేలమీద సూపర్‌వైజరు. పాలిపోవడం కాదు, పాలపొడి అని చెప్పే వ్యవధి కోడలికి దొరకలేదు.

నర్సమ్మ వెంటనే రెండు ఫోన్లు చేసింది. మొదటిది ఓనరుకి. రెండోది ఇంటికి, అత్తగారికి. ఆవిడ మొదలుపెట్టడమే "మీరేం కంగారు పడకండి" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత చెప్పినవేవీ అత్తగారికి వినబడలేదు.

ఓనరు వచ్చేసరికి ఫ్యాక్టరీ ఎవరో పిండి జల్లినట్టు ఉంది. మనుషులందరూ ఆవరణలో ఉన్నారు, డబ్బాలన్నీ లోపల ఆగిపోయి ఉన్నాయి. మామగారు ఆరుబయట కుర్చీలో కూర్చుని, తనకేం కాలేదని చెబుతున్నారు. ఎన్నిసార్లు చెబితే అంతమంది పాపం అన్నట్టు చూస్తున్నారు. నర్సమ్మ ఆయన చెయ్యి వదలడం లేదు.

ఓనరు కోడలి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇది పనిచేస్తుందా, చెయ్యదా? చెయ్యకపోతే విప్పుకుపో. మీ కంపెనీకి నేను చెప్తాను."

కోడలికి కళ్ళ ముందు నిచ్చెన కనిపించింది, దాని అడుగున తను కనిపించింది. పనిచేస్తుందండీ అని మాత్రం అంది. చూస్తానని ఓనరు లోపలికి నడిచాడు. ఆయన వెనక నర్సమ్మ, ఫిట్టరు, పెద్దక్క. కుర్చీలో ఉండమన్నా ఉండకుండా మామగారు. ఓనరు మీటరు ముందు వంగాడు. ఏముందో చూద్దామని నర్సమ్మ ఆయన భుజం మీదుగా వంగింది. పెద్దక్క చంక కిందనుంచి తల దూర్చింది. ఇంతమంది ఊపిరి ఒకేసారి తగిలితే ఏ మీటరు మాత్రం ఊరుకుంటుంది? హూటరు గొంతు చించుకుని అరిచింది. ఓనరు కోటు కూడా తెల్లబడింది.

అందరూ వెనక్కి గెంతారు. వాళ్ళు గెంతగానే అంకె మళ్ళీ పైకెక్కి నిలబడింది, హూటరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇరవై పాయింట్ తొమ్మిది."

అత్తగారు. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో దుప్పటి, ఆయాసపడుతూ గడప బయట నిలబడి ఉంది. మొగుడు రెండు కాళ్ళ మీద నిలబడి ఉండటం చూడగానే ఆ వచ్చిన కంగారంతా కోపమైంది.

"ఇరవై పాయింట్ తొమ్మిదని ఇక్కణ్ణుంచి కూడా కనిపిస్తుంటే, అందరూ దానికి ముద్దు పెట్టబోతున్నట్టు అంత దగ్గరికి ఎందుకు వెళ్ళారు?"

ఫిట్టరు మీటరు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, మెల్లిగా సూపర్‌వైజరు వైపు చూడబోయాడు. పెద్దక్క కూడా అటే తిరుగుతోంది. కోడలికి ఆ చూపులు ఎక్కడికి చేరతాయో తెలిసింది. ఇంకో క్షణంలో గదిలో అందరికీ అర్థమైపోతుంది.

"తప్పు నాదండీ," అనేసింది ఆమె. "దాన్ని మనిషి ముక్కుకి సూటిగా బిగించేశాను. ఎవరు దగ్గరికెళ్ళినా వాళ్ళ ఊపిరి తగిలి మోగుతుంది. కొంచెం ఎడంగా, పైన పెట్టి ఉండాల్సింది. మీటరు మంచిదే. నాకే చేతకాలేదు."

చెప్పేసి తల దించుకుంది. చేతిలో సంతకం లేని కాగితం, దాని మీద కూడా కాస్త పొడి. ఓనరు జేబులోంచి ఫోను తీశాడు.

"ఆగండి," అన్నారు మామగారు.

ఆయన ముందుకొచ్చి, మీటరు పక్కన గోడ మీదున్న పెన్సిలు గీతని వేలితో తడిమి చూపించారు. కనబడక తడిమారని అత్తగారికీ కోడలికీ తప్ప ఎవరికీ తెలియలేదు.

"ఈ గీత నా ముక్కుది. ఇక్కడే బిగించమన్నది నేను. పైకి పెడదామంటే వద్దన్నది నేను. పిల్ల పొద్దుట్నుంచీ దూరం నుంచి చూడమంటూనే ఉంది, నేనే వినలేదు. దూరం నుంచి నాకు కనబడదు. దగ్గర్నుంచి కూడా సరిగ్గా కనబడదు. ఆ తొమ్మిది కూడా గుడ్డిగా చెప్పేశాను. మా కోడలికి అది తెలుసు. ఇంతమంది ముందు మామగారి పరువు తీయలేక తప్పు నెత్తినేసుకుంటోంది."

గేటు లోపల ఆయన మా కోడలు అనడం అదే మొదటిసారి. ఆ మాట అనేశానని ఆయనకి కూడా అన్నాకే తెలిసింది. అత్తగారు ఫ్లాస్కు మూత తీసి, ఆయనకి టీ పోసి ఇచ్చింది. కళ్ళ గురించి ఒక్క ముక్క అనలేదు. ఇన్నేళ్ళుగా అనాలనుకున్నవన్నీ చేతికందేంత దగ్గర్లో ఉన్నా అనలేదు.

ఓనరు కాసేపు కోటు దులుపుకున్నాడు. "అయితే ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

కోడలు బల్ల కిందకి వంగి, పొద్దున నెట్టేసిన పెద్ద అంకెల పలక బయటికి లాగింది. దాన్ని తలుపు బయట తగిలించింది. మీటరుని గీత మీంచి విప్పి, మూలకి, కాస్త పైకి జరిపింది. నిచ్చెన ఫిట్టరు పట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు మామగారు అందించారు. అడిగింది స్క్రూడ్రైవరు, అందించింది పానా. ఆమె పానా నడుం దగ్గర దోపుకుని, స్క్రూడ్రైవరు తనే దిగి తీసుకుంది.

పలక మీద ఎర్రటి అంకెలు వెలిగాయి, ఒక్కోటీ అరచెయ్యంత. మామగారు ఆవరణలో కుర్చీ దగ్గరే నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, అందరికీ వినబడేలా చదివారు. ఇరవై పాయింట్ తొమ్మిది. ఈసారి ఎవరూ పరిగెత్తలేదు. ఆయన కాగితం తీసుకుని సంతకం పెట్టారు. పెట్టాల్సిన చోట కాదు, దానికి కొంచెం పైన, కంపెనీ పేరు మీద. పెద్ద ఇంజినీరు దాన్ని చూసి, సంతకం సంతకమే అన్నాడు. తర్వాతి వారం కోడల్ని ఇంకో ఫ్యాక్టరీకి ఒంటరిగా పంపించాడు.

మామగారు కళ్ళద్దాలు పెట్టించుకున్నారు. షాపుకి ఆయన్ని తీసుకెళ్ళింది కోడలే. గోడ మీది అక్షరాలు చదవమంటే ఆయన లేచి గోడ దగ్గరికి నడవబోతే, ఆమె చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

అద్దాలు వచ్చిన మర్నాడు పొద్దున హాల్లో పేపరు తెరుచుకుంది. ఈసారి అది చేతుల చివర, ఉండాల్సిన చోట ఉంది. పేపరు వెనక మామగారి ముఖం మొత్తం కనిపించింది, ముక్కు కొసకి సిరా లేదు. ఆయన మొదటి పేజీ పైనుంచి కిందిదాకా చదివారు, మూలనున్న చిన్న ప్రకటన కూడా వదల్లేదు. అత్తగారు, కోడలు టీ గ్లాసులు పట్టుకుని, ఆయన ఏమంటారా అని ఎదురుచూశారు.

మామగారు పేపరు మడిచి, తృప్తిగా తల ఊపారు.

"మంచివాళ్ళే పాపం. ఒక్క ఉత్తరం రాసేసరికి అక్షరాలు పెద్దవి చేశారు."